వాపు మందుగా మొదలై టీబీ బాక్టీరియా ఆయువుపట్టు చూపించిన సైక్లోమారిన్: ఒక కేస్ స్టడీ

సముద్రపు బాక్టీరియా నుంచి టీబీకి కొత్త మందు వస్తుందా అని ఎవరైనా అడిగితే నేను సైక్లోమారిన్ గురించి చెబుతాను. ఇది ఇంకా మందు కాలేదు. మనుషుల మీద ట్రయల్ దాకా కూడా రాలేదు. అయినా మట్టి దగ్గర మొదలుపెట్టి, పదార్థాన్ని వేరు చేయడం, దాని నిర్మాణం తేల్చడం, జన్యువులు పట్టుకోవడం, టీబీ బాక్టీరియా మీద పరీక్షించడం, అది ఏ ప్రొటీన్‌కు అతుక్కుంటుందో కనుక్కోవడం, ఆ తర్వాత కెమిస్టులు దాన్ని ముక్కలు చేసి మళ్లీ కట్టడం, ఇలా ప్రతి దశా అందరూ చదువుకునేలా బయట ఉన్న కేసు ఇది. మార్కెట్ దాకా వచ్చిన మందుల్లో చాలావాటికి మధ్య దశలు కంపెనీ ఫైళ్లలోనే ఉండిపోతాయి, మనకు కనిపించేది చివర మాత్రమే. ఇందులో మధ్య అంతా కనిపిస్తుంది, పని నేర్చుకునే వాళ్లకు కావలసింది అదే.

నేను సముద్రపు ఆక్టినోమైసీట్లను (స్ట్రెప్టోమైసిస్ లాంటి, బూజులా దారాలుగా పెరిగే బాక్టీరియాను) పెంచి వాటి ఎక్స్‌ట్రాక్టులను మైకోబాక్టీరియా (టీబీ బాక్టీరియా కుటుంబం) మీద పరీక్షించే పనిలో ఉన్నాను. కాబట్టి ఈ కేసును బెంచ్ దగ్గర నిలబడి చూస్తే ఎలా ఉంటుందో అలాగే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కేసు మనకిచ్చిన పెద్ద ఆస్తి అది చూపించిన టార్గెట్ (అది పట్టుకునే బాక్టీరియా ప్రొటీన్), పదార్థం దాని తర్వాతే. ఆ టార్గెట్ ఇంకా ముందే బయటపడాల్సింది కూడా, ఎందుకంటే పదార్థం చేతిలో ఉండి పన్నెండేళ్లు గడిచాక గానీ టీబీ ప్రశ్నకు జవాబు అచ్చులోకి రాలేదు.

కొత్త మందు ఎందుకు, సముద్రం ఎందుకు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో సుమారు 1.08 కోట్ల మందికి టీబీ వచ్చింది, పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. ఆ కొత్త కేసుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశంలోవే. మన దేశంలో మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు ఉంది: మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఇథాంబ్యుటాల్, తర్వాత నాలుగు నెలలు పైరాజినమైడ్ తీసేసి మిగిలిన మూడూ. రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ వస్తే కథ మారిపోతుంది. బెడాక్విలిన్‌కు 2012లో, ప్రెటోమానిడ్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చాక ఆ రోగులకు కూడా ఆరు నెలల కోర్సు సాధ్యమైంది, అది నిజంగా పెద్ద మార్పు. కానీ ఆ కోర్సులో ఉండే లినెజోలిడ్ వల్ల కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కడం, రక్తం తగ్గడం మామూలే. పైగా బెడాక్విలిన్‌కు కూడా రెసిస్టెన్స్ ఇప్పటికే కనిపిస్తోంది.

టీబీ మందుల్లో సగం చరిత్ర మట్టి బాక్టీరియాదే. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో షాట్జ్, వాక్స్‌మన్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి తీశారు. రిఫాంపిసిన్‌కు మూలమైన రిఫామైసిన్ 1957లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని పైన్ చెట్ల కింది మట్టి నుంచి వచ్చింది. కానామైసిన్, కాప్రియోమైసిన్, సైక్లోసెరిన్ కూడా ఆ కుటుంబం బాక్టీరియావే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లో బయటికొచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా మట్టి స్ట్రెప్టోమైసిస్‌దే, అది టీబీ మందు కాకపోయినా ఆ కాలంలో మట్టి ఎంత ఇచ్చిందో దాన్నిబట్టి తెలుస్తుంది. తర్వాత మట్టిని ఎంత జల్లెడ పట్టినా పాతవే మళ్లీ మళ్లీ దొరకడం మొదలైంది. అలా జనం సముద్రం వైపు తిరిగారు.

ఇక్కడ ఒక భ్రమ తీసేయాలి. సముద్రం అనగానే దొరికేదంతా కొత్తది అనుకుంటారు. శాన్ డియాగోలోని స్క్రిప్స్ సంస్థలో విలియం ఫెనికల్, పాల్ జెన్సెన్ బృందం బహామాస్ అడుగు మట్టి నుంచి సాలినిస్పోరా అనే ఆక్టినోమైసీట్‌ను పట్టుకుంది, అది పెరగాలంటే సముద్రపు నీరు ఉండాల్సిందే. దాని నుంచి వచ్చిన సాలినోస్పోరమైడ్-ఎ క్యాన్సర్ ట్రయల్స్ దాకా వెళ్లింది. అదే సాలినిస్పోరా జాతిలోని ఒక స్ట్రెయిన్, ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లోని ఒక స్పాంజిలో దొరికింది, 2006లో దాన్ని పరీక్షిస్తే అది తయారుచేస్తున్నది రిఫామైసిన్లు! అంటే ఫ్రాన్స్ అడవి మట్టిలో దొరికిన పదార్థమే సముద్రంలోనూ ఉంది. కాబట్టి ఎక్స్‌ట్రాక్ట్ టీబీ బాక్టీరియాను చంపింది అనగానే సంబరపడకూడదు. మాకు ముందు వచ్చే అనుమానం ఇది రిఫామైసినా, ఆక్టినోమైసినా అనే. నారింజ పసుపు రంగులో ఉండి మైకోబాక్టీరియాను ఘోరంగా చంపే ఎక్స్‌ట్రాక్ట్ వస్తే అది ఆక్టినోమైసిన్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ, దాని విషపూరిత స్వభావం అందరికీ తెలిసిందే. అణుభారం చూపే మాస్ స్పెక్ట్రమ్ చూసి తెలిసినవాటిని మొదటి వారంలోనే పక్కన పెట్టకపోతే ఆరు నెలల తర్వాత పాత పదార్థాన్నే శుభ్రంగా వేరు చేసి పెట్టుకుని కూర్చుంటారు.

మిషన్ బే మట్టి

ఇప్పుడు కేసులోకి వస్తాను. శాన్ డియాగోలో మిషన్ బే అని ఉంది, ఊరికి ఆనుకుని ఉండే ఉప్పునీటి ఖాతం. అక్కడి అడుగు మట్టి నుంచి ఫెనికల్ బృందం ఒక స్ట్రెప్టోమైసిస్‌ను వేరు చేసి సీఎన్‌బీ-982 అని నంబర్ ఇచ్చింది. దాని కల్చర్ నుంచి వచ్చిన మూడు కొత్త పదార్థాలే సైక్లోమారిన్ ఎ, బి, సి. 1999లో ప్రచురించారు. ఏడు అమైనో ఆమ్లాలు వలయంగా కలిసిన పెప్టైడ్ ఇది. అణుభారం సుమారు 1,043. ఆ ఏడింటిలో నాలుగు మామూలు ప్రొటీన్లలో కనిపించేవి కావు. ఒక ట్రిప్టోఫాన్ మీద అయిదు కార్బన్ల ప్రెనైల్ గుంపు, దాని మీద ఎపాక్సైడ్ (ఒక ఆక్సిజన్, రెండు కార్బన్ల బిగుతైన చిన్న వలయం) కూడా ఉన్నాయి. ఇలాంటి నిర్మాణాన్ని ఎన్ఎంఆర్‌తో (అయస్కాంతంతో అణువు నిర్మాణం చూసే పద్ధతితో) తేల్చడం ఎంత తలనొప్పో చేసిన వాళ్లకు తెలుస్తుంది, వాళ్లు స్ఫటికం కూడా తీసి ఎక్స్-రేతో ఖాయం చేసుకున్నారు.

మరి దాన్ని దేనికి పరీక్షించారు? వాపుకు. ఎలుక చెవికి వాపు తెప్పించి, సైక్లోమారిన్ పూసి చూశారు, వాపు బాగా తగ్గింది. పేపర్ పేరులోనే వాపు తగ్గించే పెప్టైడ్లు అని ఉంటుంది. ఆ రోజుల్లో సముద్ర పదార్థాల మీద డబ్బు, ఆసక్తి ఎక్కువగా క్యాన్సర్ వైపు, వాపు వైపు ఉండేవి కాబట్టి ఆ పరీక్ష పెట్టడంలో వింతేమీ లేదు. నాకు బాధ కలిగించేది ఏంటంటే, స్ట్రెప్టోమైసిస్ పెప్టైడ్ అనగానే మైకోబాక్టీరియా మీద కూడా ఒక ప్లేట్ పెట్టి చూద్దాం అనే అలవాటు అప్పటికి చాలా చోట్ల లేదు, ఇప్పటికీ చాలా ల్యాబుల్లో లేదు. స్టాఫైలోకోకస్, ఈ.కోలి, ఒక ఫంగస్ మీద పెడతారు, మూడింటి మీదా పనిచేయకపోతే ఫ్రీజర్‌లోకి పోతుంది. సైక్లోమారిన్ లాంటి మైకోబాక్టీరియాను మాత్రమే గట్టిగా పట్టుకునే పదార్థాలు ఆ వరుసలో ఎప్పటికీ బయటపడవు.

2008లో బ్రాడ్లీ మూర్ బృందం ఇంకో స్ట్రెయిన్‌లో, ఈసారి సాలినిస్పోరా అరెనికోలాలో, సైక్లోమారిన్ తయారుచేసే జన్యువుల గుంపును పట్టుకుంది. ప్రెనైల్ గుంపును తగిలించే ఎంజైమ్ జన్యువును తీసేస్తే ఆ గుంపు లేని సైక్లోమారిన్లు వచ్చాయి. అప్పటికి అది బయోసింథసిస్ మీద ఆసక్తితో చేసిన పని, కానీ తర్వాత ఏ భాగం అవసరం, ఏది అనవసరం అని వెతికే వాళ్లకు దారి చూపించింది.

టీబీ మీద పరీక్ష అంటే ఏంటి

ఈ భాగం మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొత్తగా ఈ పనిలోకి వచ్చిన వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

టీబీ బాక్టీరియా ఒకసారి రెండుగా చీలడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఈ.కోలికి ఇరవై నిమిషాలు చాలు. ఘన మాధ్యమం మీద కాలనీ కంటికి కనిపించాలంటే మూడు నాలుగు వారాలు. పైగా అది గాలిలో పాకే రోగకారకం, ప్రమాదకర క్రిములకు పెట్టే బీఎస్ఎల్-3 భద్రతా ల్యాబ్ ఉండాల్సిందే, అది అన్ని చోట్లా ఉండదు. దాంతో చాలా మంది టీబీ బాక్టీరియాకు చుట్టమైన మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ మీద పెట్టి రిజల్ట్ చూసుకుంటారు, అది రెండు మూడు రోజుల్లో పెరుగుతుంది, ప్రమాదం లేదు. తప్పేమీ లేదు, బెడాక్విలిన్‌కు దారితీసిన స్క్రీనింగ్ మొదలైంది కూడా స్మెగ్మాటిస్ మీదే. కానీ దాన్నే ఆఖరి మాట అనుకోవద్దు. పైరాజినమైడ్‌కు స్మెగ్మాటిస్ అసలు లొంగదు, ఐసోనియాజిడ్‌కు కూడా టీబీ బాక్టీరియా లొంగినంత తేలిగ్గా లొంగదు. అంటే మనం రోజూ వాడే రెండు గొప్ప మందులను ఈ పరీక్షలో పక్కన పడేసి ఉండేవాళ్లం. మేం స్మెగ్మాటిస్‌తో పాటు టీబీ బాక్టీరియాలో బలహీనపరిచిన హెచ్37ఆర్ఏ స్ట్రెయిన్ మీద కూడా పెట్టి, రెండింటిలో ఏ ఒక్కదాని మీద పనిచేసినా రోగం తెప్పించే అసలు హెచ్37ఆర్‌వీ స్ట్రెయిన్ పరీక్షకు బీఎస్ఎల్-3 ఉన్న పార్ట్‌నర్ ల్యాబ్‌కు పంపుతాం. అక్కడ క్యూ ఎంత పొడుగ్గా ఉన్నా ఈ మెట్టు దాటకుండా పేపర్ రాయం.

ప్లేట్‌లో బతికున్న బాక్టీరియాను లెక్కపెట్టడానికి రెసజురిన్ వాడతాం, అలమార్ బ్లూ అంటే అందరికీ తెలుస్తుంది. బాక్టీరియా బతికి ఉంటే నీలం గులాబీగా మారుతుంది, చచ్చిపోతే నీలంగానే ఉంటుంది. వినడానికి తేలికే. కానీ ముడి ఎక్స్‌ట్రాక్టులో రెసజురిన్‌ను తనంతట తానే మార్చేసే పదార్థాలు ఉంటే బాక్టీరియా చచ్చినా గులాబీ రంగు వస్తుంది. ఎక్స్‌ట్రాక్టుకే సొంత రంగు, ఫ్లోరొసెన్స్ ఉంటే రీడింగ్ ఇంకో రకంగా తప్పుతుంది. అందుకే బాక్టీరియా లేకుండా ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే ఉన్న చిన్న గుంటలు ప్రతి ప్లేట్‌లో ఉండాలి, అనుమానం వస్తే నేరుగా కాలనీలు లెక్కపెట్టాలి.

మాధ్యమం కూడా మోసం చేస్తుంది. టీబీ బాక్టీరియాను పెంచే 7హెచ్9 మాధ్యమంలో వేసే ఆల్బుమిన్ ప్రొటీన్, సబ్బులాంటి ట్వీన్-80, రెండూ కొవ్వులో కరిగే పదార్థాలను పట్టుకుని కూర్చుంటాయి, మంచి పదార్థం కూడా బలహీనంగా కనిపిస్తుంది. గ్లిసరాల్ సంగతి ఇంకా ఘోరం. అప్పట్లో సింగపూర్‌లో ఉన్న నోవార్టిస్ ఉష్ణమండల వ్యాధుల సంస్థ వాళ్లు 2010లో ప్రచురించిన పని ప్రతి స్క్రీనింగ్ ల్యాబ్ గోడ మీద అతికించుకోవాలి. ఒక తరగతి సింథటిక్ పదార్థాలు ప్లేట్‌లో టీబీని బ్రహ్మాండంగా చంపాయి, ఎలుకలో ఏమీ చేయలేదు. కారణం వెతికితే, ఆ పదార్థాలు మాధ్యమంలో గ్లిసరాల్ ఉన్నప్పుడే పనిచేస్తున్నాయని తేలింది. ఊపిరితిత్తుల్లో బాక్టీరియా గ్లిసరాల్ మీద బతకడం లేదు. దీనికి అటువైపు ఉదాహరణ పైరాజినమైడ్: మామూలు పీహెచ్ ఉన్న మాధ్యమంలో పెడితే దానికి దాదాపు బలమే లేదు, ఆమ్లం ఉంటేనే పనిచేస్తుంది. ఒకే మాధ్యమంలో ఒకే పరీక్ష పెట్టి ఈ పదార్థం గొప్పది, ఈ పదార్థం పనికిరాదు అని తేల్చేసే వాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

ఇంత జాగ్రత్త ఉన్న వాళ్ల చేతిలోకి సైక్లోమారిన్ వెళ్లింది. నోవార్టిస్ తన సహజ పదార్థాల నిల్వను టీబీ మీద జల్లెడ పట్టినప్పుడు సైక్లోమారిన్-ఎ పైకి తేలింది. 2011లో ఎస్తర్ ష్మిట్, సహచరులు ప్రచురించారు. ఒక మైక్రోమోలార్‌కు బాగా తక్కువ మోతాదులోనే అది టీబీ బాక్టీరియాను ఆపింది. నాకు ఇంకా ముఖ్యంగా అనిపించింది, అది పెరుగుతున్న బాక్టీరియాను మాత్రమే కాక పెరగడం ఆపి మగతగా పడి ఉన్న వాటినీ చంపింది. టీబీ కోర్సు నెలల తరబడి సాగడానికి ఒక పెద్ద కారణం ఈ మగత బాక్టీరియానే. మాక్రోఫేజ్ (క్రిములను మింగే రక్షణ) కణాల లోపల ఉన్న బాక్టీరియా మీద కూడా పనిచేసింది, కాకపోతే అక్కడ మోతాదు ఎక్కువ కావలసి వచ్చింది.

టార్గెట్ దొరికిన తీరు

మామూలుగా టార్గెట్ వెతకడానికి పదార్థాన్ని తట్టుకుని బతికిన మ్యుటెంట్లను ఏరి, వాటి జీనోమ్ చదివి, ఎక్కడ మార్పు వచ్చిందో చూస్తాం. సైక్లోమారిన్ విషయంలో ఆ దారి మూసుకుపోయింది, తట్టుకునే మ్యుటెంట్లు రాలేదు. మందు దృష్టితో చూస్తే అది మంచి వార్త, టార్గెట్ వెతికే వాళ్లకు మాత్రం ఇబ్బంది. అప్పుడు వాళ్లు సైక్లోమారిన్‌ను ఒక ఘన పదార్థానికి రసాయనికంగా కట్టి, మైకోబాక్టీరియా ప్రొటీన్లన్నీ ఉన్న ద్రవాన్ని దాని మీదుగా పంపారు. ఏది అతుక్కుంటే అదే దొంగ. అతుక్కున్నది క్లిప్-సీ1 అనే ప్రొటీన్.

ఇదేం చేస్తుందో చెప్పాలి. కణంలో పాడైపోయిన, పని అయిపోయిన ప్రొటీన్లను ఎప్పటికప్పుడు నలిపేయాలి. చెరకు గానుగను ఊహించుకోండి. గడను లోపలికి లాగేది క్లిప్-సీ1, ఆరు ముక్కల వలయం, కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చుపెట్టి ప్రొటీన్ మడతలు విప్పుతుంది. లోపల నలిపేది క్లిప్-పీ1, క్లిప్-పీ2, ఒక్కొక్కటీ ఏడు ముక్కల వలయం. ఈ మూడూ లేకపోతే టీబీ బాక్టీరియా బతకదు. మన కణాల మైటోకాండ్రియాలో కూడా క్లిప్-పీ ఉంది, కానీ దానికి జోడీగా పనిచేసేది క్లిప్-ఎక్స్. క్లిప్-సీ మనిషిలో లేదు. టార్గెట్‌గా దాని ఆకర్షణ అక్కడే ఉంది.

సైక్లోమారిన్ చేసే పని తమాషాగా ఉంటుంది. గానుగను ఆపదు, దానికి అడ్డూ అదుపూ లేకుండా చేస్తుంది. 2013లో క్లిప్-సీ1 మొదటి భాగానికి సైక్లోమారిన్ అతుక్కుని ఉన్న స్ఫటిక నిర్మాణం వచ్చింది, అతుక్కునే గుంటలోని అమైనో ఆమ్లాలు మారిస్తే పట్టు పోతోందని కూడా చూపించారు. 2019లో ఇంకో బృందం చెప్పిన దాని ప్రకారం క్లిప్-సీ1 మామూలుగా పని లేనప్పుడు విశ్రాంతి రూపంలో ఉంటుంది, సైక్లోమారిన్ ఆ విశ్రాంతిని లేకుండా చేస్తుంది. అప్పుడు నలగకూడని ప్రొటీన్లు కూడా లోపలికి పోతాయి. పదార్థానికి లొంగని మ్యుటెంట్లు తేలిగ్గా రాకపోవడానికి ఇది కొంత కారణమని నా ఊహ, ఇంత అవసరమైన యంత్రంలో బాక్టీరియా ఇష్టమొచ్చినట్టు మార్పులు చేసుకోలేదు.

ఇక్కడే నేను మొదట్లో చెప్పిన మాటకు బలం వస్తుంది. 2014లో లాసోమైసిన్, 2015లో ఎక్యుమిసిన్, మట్టి ఆక్టినోమైసీట్ల నుంచి వచ్చిన రెండు వేర్వేరు పెప్టైడ్లు, రెండూ క్లిప్-సీ1నే పట్టుకున్నాయి. 1960లలోనే దొరికి మూలనపడిన ఇలామైసిన్ లేదా రుఫోమైసిన్ అనే ఇంకో పెప్టైడ్ కుటుంబం కూడా అక్కడికే చేరింది. అన్నీ మొదటి భాగాన్నే ముట్టుకుంటాయి కానీ ఫలితం ఒకటి కాదు: లాసోమైసిన్ ఏటీపీ ఖర్చును పెంచేసి నలపడాన్ని ఆపేస్తుంది, సైక్లోమారిన్ నలపడాన్ని పెంచుతుంది. వేర్వేరు బాక్టీరియాల నుంచి వచ్చిన ఇన్ని పెప్టైడ్లు పరిణామంలో ఒకే చోట వేలు పెట్టాయంటే ఆ చోటు నిజంగా బలహీనమైనదే. ఇంత ఖరీదైన సమాచారం లక్షల సింథటిక్ పదార్థాలు జల్లెడ పట్టినా దొరుకుతుందన్న నమ్మకం లేదు.

మరి మందు ఎందుకు కాలేదు

చాలా కారణాలున్నాయి, అన్నీ మామూలువే, కానీ ఒక్కోటీ సంవత్సరాలు తింటుంది.

వెయ్యి దాటిన అణుభారం, కొవ్వులో కరిగే స్వభావం. నోటి ద్వారా తీసుకునే మాత్రగా ఇది రక్తంలోకి సరిపడా చేరడం కష్టం. టీబీ రోగికి ఆరు నెలలు రోజూ ఇంజెక్షన్ అంటే ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానామైసిన్ ఇంజెక్షన్లతో వినికిడి పోగొట్టుకున్న వాళ్లను చూశాక ప్రపంచమంతా మాత్రల వైపు వచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లే పని లేదు. ఊపిరితిత్తిలో పుండు మధ్యలో పెరుగు గడ్డలా ఉండే చచ్చిన కణజాలానికి రక్తనాళాలు ఉండవు, మందు అందులోకి సొంతంగా ఊరాలి, పెద్ద అణువులకు అది ఇంకా కష్టం. ఎపాక్సైడ్ గుంపు చూడగానే ఏ మెడిసినల్ కెమిస్టుకైనా కనుబొమ్మలు ముడిపడతాయి, అది శరీరంలో దేనితో చర్య జరుపుతుందో అని. అదృష్టం ఏంటంటే టీబీ మీద పనిచేయడానికి ఆ ఎపాక్సైడ్ అవసరం లేదని తేలింది.

సరఫరా ఇంకో సమస్య. సముద్రపు స్ట్రెప్టోమైసిస్ ఫ్లాస్కులో ఇచ్చినంత ట్యాంకులో ఇస్తుందని గ్యారంటీ లేదు. సముద్రపు ఉప్పుకు స్టీలు ట్యాంకులు తుప్పు పట్టడం ఇంకో గొడవ. జర్మనీలోని జార్లాండ్ విశ్వవిద్యాలయంలో ఉలి కాజ్‌మాయర్ బృందం 2016లో సైక్లోమారిన్-ఎను పూర్తిగా రసాయనికంగా తయారుచేసి చూపించింది, ఆ దారిలోనే సరళం చేసిన రూపాలు కూడా చేసి టీబీ మీద, మలేరియా మీద పరీక్షించారు. మలేరియా ఎందుకంటే, 2015లో సైక్లోమారిన్ మలేరియా పరాన్నజీవిని కూడా చంపుతుందని, అక్కడ దాని టార్గెట్ పూర్తిగా వేరే ఎంజైమ్ అని వచ్చింది. ఒకే పదార్థం రెండు రోగాలకు అని సంతోషపడొచ్చు, నేనైతే కంగారుపడతాను. రెండు జీవుల్లో రెండు వేర్వేరు ప్రొటీన్లను పట్టుకోగలిగినది మనిషిలో మూడోదాన్ని పట్టుకోదని ఎవరు చెప్పగలరు, అది జాగ్రత్తగా చూడాల్సిన విషయం.

2023లో ఇంకో సంగతి బయటపడింది. మైకోబాక్టీరియాలో క్లిప్-సీ2 అని ఇంకో ప్రొటీన్ ఉంది, సైక్లోమారిన్ రాగానే దాని ఉత్పత్తి పెరుగుతుంది, అది సైక్లోమారిన్‌ను తానే పట్టుకుని క్లిప్-సీ1ను కాపాడుతుంది. అంటే బాక్టీరియా దగ్గర సొంత కాపలా ఉంది. వియన్నాలో టిమ్ క్లౌజెన్ బృందం దీనికి ఒక దారి చూసింది. 2022లో వాళ్లు సైక్లోమారిన్ లాంటి భాగాన్ని ఒక వైపు, ఇంకో ప్రొటీన్‌ను పట్టుకునే భాగాన్ని ఇంకో వైపు కలిపి, మనం కోరిన ప్రొటీన్‌ను క్లిప్-సీ1 దగ్గరకు లాక్కొచ్చి నలిపించవచ్చని చూపించారు. వాటికి బాక్‌ప్రోటాక్ అని పేరు. 2023లో రెండు వైపులా సైక్లోమారిన్ భాగాలే పెట్టి, క్లిప్-సీ1 తనను తానే నలిపేసుకునేలా చేశారు, కాపలా కాసే క్లిప్-సీ2 కూడా నలిగిపోయింది, మూల పదార్థం కంటే బాక్టీరియాను ఇది చాలా బలంగా దెబ్బతీసింది. ఇవి ఇంకా పెద్ద అణువులు, మాత్రగా మారడానికి దూరం ఎక్కువే. అయినా శాన్ డియాగో మట్టి నుంచి వచ్చిన పెప్టైడ్ చివరికి ఒక కొత్త రకం ఆయుధానికి పిడి అయింది, దీన్ని నేను వైఫల్యం అనను.

ఇంకో సముద్రపు ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. దక్షిణ చైనా సముద్రం నుంచి వచ్చిన ఒక స్ట్రెప్టోమైసిస్ అట్రాటస్‌లో ఇలామైసిన్ జన్యువులను మార్చి, 2017లో ఒక చైనా బృందం కొత్త ఇలామైసిన్లు తీసింది, వాటిలో అత్యంత బలమైనవి హెచ్37ఆర్‌వీని సుమారు 9.8 నానోమోలార్ దగ్గరే ఆపాయి. కెమిస్టు బదులు బాక్టీరియానే అణువును దిద్దిన పని ఇది, సైక్లోమారిన్‌కు కూడా ఈ దారి తెరిచే ఉంది.

మన తీరంలో పని చేసేవాళ్లకు

బంగాళాఖాతం మట్టి నుంచి ఆక్టినోమైసీట్లు వేరు చేసే ల్యాబులు విశాఖలో, చెన్నైలో, ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. పీహెచ్‌డీ థీసిస్‌ల కోసం వేరు చేసిన స్ట్రెయిన్లు ఎన్నో, గ్రాంట్ అయిపోగానే ఫ్రీజర్ పాడైనప్పుడు పోయినవి కూడా ఎన్నో. సైక్లోమారిన్ కేసు చదివాక నాకు అన్నిటికన్నా ఎక్కువ పట్టింపు వచ్చింది ఇక్కడే. సీఎన్‌బీ-982 ఒక కాలేజీ ఫ్రిజ్‌లో ఉండి పేపర్ రాకముందే చచ్చిపోయి ఉంటే ఈ కథ 1999లో మొదలయ్యేదే కాదు. స్ట్రెయిన్‌ను కల్చర్ కలెక్షన్‌లో డిపాజిట్ చేయండి. జీనోమ్ చదివించడం ఇప్పుడు అంత ఖరీదు కాదు, యాంటీస్మాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఏ రకం పదార్థాలు తయారుచేసే జన్యువులున్నాయో తెలుస్తుంది, పాత పదార్థమైతే అక్కడే తెలిసిపోతుంది. వేరు చేసిన స్వచ్ఛమైన పదార్థం రెండు మిల్లీగ్రాములైనా మిగిల్చి, తేదీ వేసి, మైనస్ ఎనభైలో పెట్టండి, ఇవాళ మీరు అడగని ప్రశ్న రేపు ఇంకొకరు అడుగుతారు. విదేశీ ల్యాబ్‌కు శాంపిల్ పంపేటప్పుడు 2002 జీవవైవిధ్య చట్టం కింద అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి, తర్వాత పరుగెత్తడం కంటే అది తేలిక.

క్లిప్-సీ1 వైపు పనిచేయాలనుకునే వాళ్లకు ఒక ప్రయోగం సూచిస్తాను. క్లిప్-సీ1 జన్యువులో మార్పులొస్తే పైరాజినమైడ్‌కు రెసిస్టెన్స్ వస్తుందని ఇప్పటికే తెలుసు. పైరాజినమైడ్ పనిచేసే తీరులో ఒక భాగం పాన్-డీ అనే ఎంజైమ్‌ను క్లిప్ యంత్రం చేతే నలిపించడం. అలాంటప్పుడు అదే యంత్రాన్ని అదుపు తప్పించే సైక్లోమారిన్‌ను పైరాజినమైడ్‌తో కలిపితే రెండూ ఒకదానికొకటి తోడవుతాయా, అడ్డు పడతాయా? టీబీకి ఏ మందూ ఒంటరిగా ఇవ్వం కాబట్టి ఈ జవాబు కావాల్సిందే. ఆమ్ల పీహెచ్‌లో, గ్లిసరాల్ లేకుండా, చెకర్‌బోర్డ్ పద్ధతిలో (రెండు మందుల మోతాదులను అడ్డంగా, నిలువుగా మారుస్తూ) హెచ్37ఆర్‌వీ మీద పెట్టి, రంగును నమ్మకుండా కాలనీలు లెక్కపెట్టాలి. మా పార్ట్‌నర్ ల్యాబ్‌లో మా వంతు రాగానే మేం మొదట పెట్టబోయే ప్లేట్ ఇదే.